‘వలెను’ అన్నను ‘మస్ట్’ అన్నను ఒకటియేనా?

తెలుగు ఉపాధ్యాయునకు ఆంగ్ల వ్యాకరణముతో పని యేమి యని ఈ శీర్షికను చూచినవారు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఎవరి పాఠము వారు చెప్పుకొనుట మంచి పద్ధతి. కాని మా పాఠములోని లోపము ఆంగ్లపు కాగితముమీద బయటపడినప్పుడు మేము ఊరకుండుట ధర్మము కాదు. అందుచేత ఈ యేటి సంచికలో పద్యములను గూర్చి గాని, కవులను గూర్చి గాని వ్రాయక, ఆంగ్లక్రియలకు ముందు నిలుచు కొన్ని చిన్న మాటలను గూర్చి మా అభిప్రాయమును తెలుపుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట మా బడిలో పదవ తరగతి ముగించిన బాలుడొకడు పై చదువునకై వేఱొక ఊరికి పోయెను. వినయవంతుడు. పెద్దల యెదుట గొంతెత్తి మాటలాడి యెఱుగడు. అక్కడ ఒక ధ్రువపత్రము అవసరము కాగా, కార్యాలయమునకు ఆంగ్లమున అర్జీ వ్రాసెను. అందులోని ముఖ్యవాక్యము ఇది: “యు మస్ట్ గివ్ మీ ది సర్టిఫికెట్ బిఫోర్ మండే.” అధికారి దానిని చదివి, తనకే ఆజ్ఞ పెట్టుచున్నాడా యని కోపించి, కాగితమును ప్రక్కకు నెట్టివేసెను. సోమవారము గడచిపోయెను. ఆ బాలుడు చేరదలచిన చోట గడువు తీరిపోయెను. వానికి ఒక సంవత్సరము వ్యర్థమయ్యెను.

తండ్రి మా యొద్దకు వచ్చి, “అయ్యవారూ, తెలుగు బడిలో వేసినందుకే గదా నా బిడ్డకు ఈ అగచాటు! చిన్నవాణ్ణయినా ఇంగ్లీషు బడిలో వేస్తాను” అనెను. ఆనాడు మాకు జవాబు తోచలేదు. వాని అర్జీ నకలును ఇంటికి తీసికొనిపోయి పలుమార్లు చదువుకొంటిమి. చదివినకొలది ఒక సంగతి స్పష్టమయ్యెను. ఆ వాక్యములో సగము తప్పు మాదే.

మేము ఏడవ తరగతి మొదలుకొని లేఖారచన నేర్పుచున్నాము. “నాకు రెండు దినములు సెలవు ఇప్పింపవలెనని వేడుకొనుచున్నాను” అను వాక్యము మా పిల్లలందఱకు కంఠస్థము. ఇందులోని ‘వలెను’ ఆజ్ఞ కాదు, వేడికోలు. కాని “నీవు రేపు తప్పక రావలెను” అని పెద్దలు చిన్నలతో ననునప్పుడు అదే ‘వలెను’ ఆజ్ఞ. “ఎల్లప్పుడును నిజము చెప్పవలెను” అన్నచో నీతి. “నాకు నీరు కావలెను” అన్నచో అవసరము. ఒక్క మాటకు ఇన్ని ముఖములు కలవు. మేము పిల్లలకు వాక్యమును వల్లె వేయించితిమి గాని ఆ ముఖములను చూపలేదు. ఆంగ్లపు తరగతిలో వారికి ఒక పట్టిక దొరకెను: క్యాన్ అనగా గలను, మే అనగా వచ్చును, మస్ట్ అనగా వలెను. పాపము, ఆ బాలుడు రెండు పాఠములను నమ్మి రెండింటిని ఒకచోట చేర్చెను. వాని మనసులో నున్నది ‘ఇప్పింపవలెనని వేడుకొనుచున్నాను’ అనుటయే. కాగితముమీద పడినది ఆజ్ఞ. వాని వినయము దారిలో జారిపోయెను.

మా ప్రాంతపు పిల్లలకు ఈ సంగతి తెలియుట కష్టము కాదు. హోసూరు పరిసరముల పుట్టిన బిడ్డకు ఇంట తెలుగు, వీధిలో తమిళము, సంతలో కన్నడము చెవిని పడుచునే యుండును. తమిళమున ‘సెయ్య వేండుం’ అన్నచో చేయవలెనని. ‘వేండుగిఱేన్’ అన్నచో వేడుకొనుచున్నానని. ఆజ్ఞయు వేడికోలును అక్కడను ఒకే ధాతువునుండి వచ్చుచున్నవి. కన్నడపు ‘బేకు’ కూడ కావలెననుటకును, చేయవలెననుటకును రెండింటికిని చెల్లును. మూడు భాషలలోను ఉన్న ఈ మెత్తదనము ఆంగ్లపు ‘మస్ట్’లో లేదు. ఈ యొక్క మాట ముందే చెప్పియుండిన యెడల ఆ బాలునకు సంవత్సరము దక్కియుండెడిది.

ఇక ఈ చిన్న మాటల స్వభావమును కొంచెము చూతము. క్యాన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్ అనునవి తొమ్మిదియు ఆంగ్లమున ముఖ్యమైన సహాయక్రియలు. ఇవి పని జరిగినదని చెప్పవు. జరుగగలదని, జరుగవచ్చునని, జరుగవలెనని, జరిగిన బాగుండునని చెప్పును. అనగా ఇవి తెలుపునది పనిని కాదు, ఆ పనియెడ చెప్పువాని మనసును. కావుననే వీనిలో పొరపాటు పడినవానిని లోకము వ్యాకరణము రానివాడని యనుకొనదు. మర్యాద తెలియనివాడని యనుకొనును. ‘గోస్’ అనవలసినచోట ‘గో’ అన్నవానిని క్షమించువారు కూడ, ‘కుడ్’ అనవలసినచోట ‘మస్ట్’ అన్నవానిని క్షమింపరు.

ఆంగ్లము నేర్చువారు వీనిని ఒక్కమారుగా పట్టుకొనలేరు, మెట్టుమెట్టుగా పట్టుకొందురు. ఐరోపా మండలివారు 2001లో ప్రకటించిన భాషాప్రమాణములలో నేర్చువారిని ఏ1 మొదలుకొని సీ2 వఱకు ఆరు మెట్లుగా విభజించినారు. కేంబ్రిడ్జివారు తమ పరీక్షలలో నానాదేశముల విద్యార్థులు వ్రాసిన జవాబుపత్రములను పెద్దయెత్తున చేర్చి, ఏ మెట్టున ఏ వ్యాకరణాంశము వాడుకకు వచ్చుచున్నదో పరిశీలించి, ‘ఇంగ్లీష్ గ్రామర్ ప్రొఫైల్’ అను పేర వరుస కట్టినారు. ఆ వరుసలో ‘క్యాన్’ మొదటి మెట్టుననే కనబడును. జరిగిపోయిన దానిని గూర్చి ఊహించి చెప్పు ‘మస్ట్ హ్యావ్’ వంటివి చాల పైకి పోయిన పిమ్మటగాని కనబడవు. మఱొక విశేషము కలదు. ఒకసారి నేర్చిన మాటతో పని తీరదు. అదే ‘క్యాన్’, అదే ‘కుడ్’, మెట్టు ఎక్కినకొలది క్రొత్త అర్థములను సంపాదించుకొనుచు పోవును. కావున ‘మా వానికి క్యాన్, మే, మస్ట్ అన్నియు వచ్చును’ అని మురియు తల్లిదండ్రులు, ఏ మెట్టున వచ్చునని కూడ అడుగవలసియున్నది.

మా పిల్లలలో మేము చూచిన మెట్లను చెప్పెదము.

ఆఱవ తరగతివారు ‘ఐ క్యాన్ రన్’ అని సంతోషముగా అందురు. వారి తప్పులు రూపమునకు సంబంధించినవి. ‘హి క్యాన్స్’ అందురు, ‘ఐ మస్ట్ టు గో’ అందురు, ‘ఐ క్యాన్ ఏబుల్ టు’ అని ఒకే యర్థమును రెండుమార్లు చెప్పుదురు. ‘నాకు ఈత వచ్చును’ అనుటకు ‘స్విమ్మింగ్ ఈజ్ కమింగ్ టు మీ’ అన్నవాడును మాకు తటస్థించెను. ఇవి అభ్యాసముచేత మానిపోవు తప్పులు. వీనికై బెంగపడ నక్కఱలేదు.

ఎనిమిదవ తరగతివారి తప్పులు రూపమున కనబడవు, అర్థమున దాగియుండును. ‘రేపు సెలవు, నీవు బడికి రానక్కఱలేదు’ అనుటకు ఒక బాలిక ‘యు మస్ట్ నాట్ కమ్ టు స్కూల్’ అని వ్రాసెను. వాక్యములో ఒక్క అక్షరము తప్పు లేదు. అర్థము మాత్రము ‘నీవు బడికి రాకూడదు’ అని. చెలికత్తెను సెలవు దినమున హాయిగా ఇంటనుండుమని చెప్పబోయి, బడినుండి వెలివేసినది! ‘నీడ్ నాట్’ అని గాని, ‘డోంట్ హ్యావ్ టు’ అని గాని అనవలసియుండెను. జర్మనుభాష మాటలాడువారు కూడ ఆంగ్లము నేర్చునపుడు ఇచ్చటనే జారిపడుదురు. వారి భాషలో ‘మస్ట్’నకు సాటియైన క్రియకు ‘కాదు’ చేర్చినచో ‘అక్కఱలేదు’ అను అర్థము వచ్చును గనుక వారి పొరపాటునకు కారణము కలదు. మనకు ఏ కారణమున్నది? ‘రాకూడదు’, ‘రానక్కఱలేదు’ అని తెలుగున రెండు వేఱువేఱు మాటలు ఎదుటనే యున్నవి. పుట్టుకతో నెఱిగిన ఈ భేదమును ఆ బాలిక ఆంగ్లము వ్రాయునపుడు ఏల మఱచెను? తెలుగును తలచుకొనుట తప్పని ఎవరో చెప్పిరి గనుక.

అట్లే ‘రేపు వాన రావచ్చును’ అనుటకు ‘ఇట్ క్యాన్ రైన్ టుమారో’ అని వ్రాయుదురు. ఇక్కడ మన ‘వచ్చును’ ఆంగ్లపు ‘మే’తో చక్కగా సరిపోవును. ‘నీవు పోవచ్చును’ అన్న అనుమతియు, ‘వాన రావచ్చును’ అన్న సంభావ్యతయు ఆ భాషలోను ఈ భాషలోను ఒకే మాట చెప్పుచున్నది. ఇంతటి సులభమైన పోలికను విడిచి, ‘క్యాన్’ మొదట నేర్చినారు గనుక దానినే అంతట వాడుదురు.

పదవ తరగతివారికి ఎదురగునది మర్యాద. మా అర్జీ బాలుడు జారిపడినది ఈ మెట్టుననే. తెలుగున ‘ఇయ్యి, ఇమ్ము, ఇయ్యండి, ఇప్పించండి’ అని ఒక్క క్రియకే ఎన్ని అంతస్తులు! ‘నీవు, మీరు, తమరు’ అని ఎదుటివారిని పిలుచుటకు ఎన్ని మెట్లు! ఆంగ్లమున ‘గివ్’ ఒక్కటే, ‘యు’ ఒక్కటే. ‘నీవు’ వంటి ‘దౌ’ అను మాట వారికిని పూర్వముండెను గాని సామాన్యవ్యవహారమునుండి ఎన్నడో తొలగిపోయినది. మఱి వారు పెద్దలయెడ గౌరవమును ఎట్లు చూపుదురు? ఆ బరువును చాలవఱకు ‘కుడ్’, ‘వుడ్’ అనునవి మోయుచున్నవి. ‘కుడ్ యు గివ్ మీ’ అని ప్రశ్నగా అడిగినచో, ఇచ్చుటకును మానుటకును ఎదుటివారికి స్వేచ్ఛ యిచ్చినట్లగును. మన ‘అండి’ చేయు పనిని అక్కడ ‘కుడ్’ చేయును. ఆ బాలుడు ‘ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యు కుడ్ ఇష్యూ ది సర్టిఫికెట్ బిఫోర్ మండే’ అని వ్రాసియుండిన, ‘దయచేసి ఇప్పింపవలెనని వేడుకొనుచున్నాను’ అన్న మన వాక్యము చెక్కుచెదరక అటు చేరియుండెడిది.

“కుడ్ అనునది క్యాన్‌కు భూతకాలము గదా, ఇప్పుడు అడుగుచు భూతకాలమెందుకు?” అని తెలివిగల పిల్లలు ప్రశ్నింతురు. మంచి ప్రశ్న. మీరు పెద్దలయొద్దకు పోయి, “మిమ్మల్ని ఒక మాట అడుగుదామనుకొన్నానండి” అందురా లేదా? అడుగదలచినది ఇప్పుడే, అన్నది మాత్రము భూతకాలమున. కోరికను కొంచెము వెనుకకు జరిపి నిలిపినచో ఎదుటివారిమీద ఒత్తిడి తగ్గును. ఈ సూక్ష్మము మన యింటి మాటలలోనే యున్నది.

అన్నిటికంటె పైమెట్టు, జరిగిపోయిన దానిని గూర్చిన ఊహ. పరీక్షలలో మంచి విద్యార్థులు కూడ దీనికి జంకుదురు. కాని ఒక సాయంకాలము తళి బస్సుకై నిలుచున్న పిల్లల మాటలను మేము వింటిమి. ఒకడు ‘బస్సు పోయుండొచ్చు’ అనెను. రెండవవాడు ‘పోయుంటుందిలే’ అనెను. మూడవవాడు దారివైపు చూచి, ‘ఇంకా పోయుండదు’ అనెను. పదేండ్ల పిల్లలు! గ్రంథభాషలో ‘పోయియుండవచ్చును’ అనునది ఆంగ్లమున ‘మే హ్యావ్ గాన్’. ‘పోయియుండును’ అనునది ‘విల్ హ్యావ్ గాన్’. ‘పోయియుండవలెను’ అన్నచో ‘మస్ట్ హ్యావ్ గాన్’. ‘పోయియుండదు’ అన్నచో ‘కాంట్ హ్యావ్ గాన్’. ‘నీవు ముందే చెప్పవలసినది’ అన్నచో ‘యు షుడ్ హ్యావ్ టోల్డ్’. మాటల కూర్పు కూడ ఎంత దగ్గఱ! పోయి, ఉండు, వచ్చును అని మనము మూడు ముక్కలను వరుసగా చేర్చుచున్నాము. వారు ఆ మూడింటినే తలక్రిందుగా చేర్చుచున్నారు. ఆంగ్లమున పైమెట్టున గాని దొరకని భావము మా పిల్లవాని నాలుకమీద పదవయేటనే యున్నది. లేనిది భావము కాదు. ఇక్కడినుండి అక్కడికి వంతెన.

ఇక్కడ మాకు ఎదురుచెప్పువారు కలరు. ఆంగ్లమును ఆంగ్లముచేతనే నేర్పవలెనని, మాతృభాషను నడుమ చొప్పించిన పిల్లలు మాటకు మాట అనువదించి చెడిపోవుదురని వారందురు. వారి భయము నిరాధారము కాదు. మా బాలుని అర్జీయే మాటకు మాట అనువాదము. కాని అది పట్టికచేత వచ్చిన కీడు, పోలికచేత వచ్చినది కాదు. మాతృభాషను తరగతిలోనికి రానీయకున్నను అది పిల్లవాని తలలోనికి రాక మానదు. చాటుగా వచ్చి చెడగొట్టుటకంటె, దానిని ఎదురుగా కూర్చుండబెట్టి, ఎక్కడ సాటియగునో ఎక్కడ కాదో విప్పి చెప్పుట మేలు కాదా?

తెలుగు అంతట తోడురాదనియు మేము ఒప్పుకొందుము. ‘చిన్నతనమున ప్రతిదినము ఏటికి పోయెడివారము’ అనుటకు వారు ‘వుడ్’ వాడుదురు. దానికి మనకు విడిగా సహాయక్రియ లేదు, క్రియకే రూపము మారును. ‘షల్’, ‘విల్’ల భేదము మన చెవికి అందదు. ఇట్టివి ఆంగ్లపుస్తకములు చదివియు, వినియు, మాటలాడియు పట్టుకొనవలసినవే. వంతెన దాటించును, ఆవలిదారిని ఎవరి కాళ్లతో వారే నడువవలెను.

కాగా మేము కోరునది స్వల్పము. మొదటిది, ‘మస్ట్ అనగా వలెను’ అను పట్టికను మానివేయుదము. దానికి మాఱుగా సందర్భముల పట్టికను వ్రాయింతము. అనుమతి అడుగుట, వేడుకొనుట, వలదనుట, అక్కఱలేదనుట, ఊహించుట అని అయిదు శీర్షికలు. ఒక్కొక్కదాని క్రింద తెలుగువాక్యము, తమిళవాక్యము, ఆంగ్లవాక్యము. 2006లో వచ్చిన చట్టముచేత ఈ రాష్ట్రమున తమిళము అందఱకు తప్పనిసరి పాఠమైనది. మూడు లిపులను మోయు పిల్లలకు మూడును ఒకదానికొకటి బరువు కాక తోడగునట్లు చేయుట ఉపాధ్యాయుల పని. రెండవది, తెలుగు, ఆంగ్ల ఉపాధ్యాయులు వారమున కొకమారైనను కలిసికొని, ఒకరు నేర్పిన లేఖను రెండవవారు చూతురు గాక. మేము శిక్షణ పొందినది పొరుగు రాష్ట్రమున. అక్కడ మాకు తెలుగు బోధనము చక్కగా నేర్పిరి. ప్రక్క గదిలో ఏమి నేర్పుచున్నారో చూడుమని మాత్రము ఎవరును చెప్పలేదు. ఆ అలవాటు మాకు ఆలస్యముగా, ఒక పిల్లవాని నష్టముచేత కలిగినది.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంట తెలుగు మాటలాడిన ఆంగ్లము రాదేమో యని బిడ్డలతో మాటలు తగ్గింపవద్దు. ‘రావచ్చు’, ‘వచ్చుండొచ్చు’, ‘రాకూడదు’, ‘రానక్కర్లేదు’, ‘వచ్చేదుండె’ అని మీరు పలుకు ప్రతిమాటయు వారి బుద్ధికి ఒక పదును. నాలుగు ముక్కలు ఆంగ్లము కలిపి ‘కమ్, గో, సిట్’ అని ఆజ్ఞాపించు ఇంట పెరిగిన బిడ్డకు ఆజ్ఞ తప్ప మఱియొకటి చెవిని పడదు. వానికి తెలుగు మర్యాదయు రాదు, ఆంగ్లపు మర్యాదయు రాదు.

విద్యార్థులారా, మీకు చిన్న పని యిచ్చుచున్నాము. ఈ వారము ఒకే కోరికను మూడు విధములుగా ఆంగ్లమున వ్రాసి తెండు: తమ్మునికి, స్నేహితునికి, ప్రధానోపాధ్యాయులకు. వ్రాయుటకు ముందు దానిని తెలుగున ఎట్లందువో నీకు నీవే వినుము. తమ్మునితో ‘ఇయ్యి’ అన్నచోట, పెద్దలతో ‘ఇప్పించండి’ అన్నచోట నీ నాలుక తనంతట మారును గదా? ఆ మార్పే ఆంగ్లమున ఏ మాటమీద పడవలెనో వెదకుము. తప్పులున్న దిద్దుదుము. మా తెలుగు తరగతిలోనే దిద్దుదుము.

ఆనాటి తండ్రికి చెప్పలేకపోయిన జవాబు ఇది. అయ్యా, మీ బిడ్డను చెఱచినది తెలుగు కాదు. తెలుగును సగము నేర్పి, ఆంగ్లమును సగము నేర్పి, ఆ రెండు సగములను కలుపని మా అశ్రద్ధ. చిన్నవానిని ఏ బడిలో వేయుటకైనను మీకు అధికారము కలదు. మేము ‘మస్ట్’ అనజాలము. ‘మే’ అని మాత్రము అందుము, మా బడికిని పంపవచ్చును. ఈసారి మేము ప్రక్క గది తలుపు తట్టియే పాఠము చెప్పుదుము.